సముద్రానికి ఎంత దూరం

నేను పదో తరగతి చదివేనాటికి మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మాది తమిళనాడులో, డెంకణికోట దగ్గర పల్లె. రాగి, టమేటా, క్యాబేజీ వేసుకుని, ఏనుగులు చేలో దిగకుండా కాపలా కాసుకునే సంసారం. సముద్రమంతా నా సాంఘికశాస్త్రం పుస్తకంలోనే ఉండేది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న నేను తమిళనాడు పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. రాష్ట్ర వృక్షం తాటిచెట్టు, పక్షి మరకత పావురం, జంతువు నీలగిరి కొండమేక, ముద్ర గోపురం. తీరం వెంబడి జిల్లాలు చెప్పమంటే ఉత్తరం నుంచి దక్షిణానికి ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. చోళుల రేవుపట్నం పూంపుహార్‌ను సముద్రం మింగిందని చెప్పుకుంటారని అర్ధసంవత్సర పరీక్షలో రాశాను కూడా. రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఆ పరీక్షలు ముగిసిన వారమే, రెండువేల నాలుగు డిసెంబరు చివర, నాయన క్యాబేజీ లారీలో చిదంబరం బయలుదేరాడు. మండీ కొత్తది కాబట్టి సరుకు వెంట తానే వెళ్లాడు.

"ఆడికి సముద్రం దగ్గరే అంట. లోడు దించేసి ఒకతూరి చూసుకోని వస్తా" అన్నాడు లారీ ఎక్కుతూ.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అక్క మమ్మల్ని టీవీ దగ్గరికి పిలిచింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందని తమిళ వార్తల్లో చెబుతున్నారు. నేను వల్లించిన పేర్లే, వరుస తప్పి వస్తున్నాయి. నాగపట్నం, కన్యాకుమారి, చెన్నై, కడలూరు.

"మీ నాయన పోయిన ఊరు వీటిల్లో ఉండాదా?" అని అడిగింది అమ్మ.

"కడలూరు జిల్లాలోదేమ్మా."

అవ్వ నా వైపు తిరిగింది. "పటం ఉంది కదా పాపా. సముద్రానికి ఎంత దూరమో చూసి చెప్పు."

ఇంటికి పరుగెత్తి అట్లాసు తీశాను. పాత అట్లాసు అది, కృష్ణగిరి జిల్లా ఇంకా ధర్మపురిలోనే ఉంది. చిదంబరానికీ నీలం రంగుకీ మధ్య నా చిటికెనవేలి గోరంత చోటు కూడా లేదు. వేలు తీసేసి మళ్లీ పెట్టి చూశాను. వెనకే వచ్చి నిలబడిన అమ్మకు అక్షరాలు రావు, కానీ నీలం రంగు తెలుస్తుంది.

"దూరమేమ్మా. అలలు ఆడికి రావు" అన్నాను.

అది నిజమేనేమో. కానీ లారీ ఎక్కుతూ నాయన అన్న మాట ఇద్దరం విన్నాం.

చిన్నాన్న నన్ను డెంకణికోటలో ఎస్టీడీ బూతుకు తీసుకెళ్లాడు. మండీ నంబరు కలవలేదు. హోసూరులో లారీ యజమానికి ఫోన్ చేస్తే, డ్రైవరు దగ్గర్నుంచి ఏ కబురూ లేదన్నాడు. సాయంత్రం దాకా తిప్పిన నంబరే తిప్పాం. ఇల్లు చేరాక అమ్మ మా ముఖాలు చూసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారం మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేస్తే లారీ యజమాని అన్నాడు. "ఇద్దరూ బాగుండారప్పా. ఇప్పుడే మాట్లాడినారు." చిన్నాన్న బిల్లు కట్టేసి నన్ను పరుగున ఇంటికి తీసుకొచ్చాడు.

నాయన మంగళవారం వచ్చాడు. క్రిస్మస్ పండగ మరునాడు హమాలీలు రాలేదట. సరుకు దిగక ఆదివారం పొద్దున లారీ దగ్గరే కూర్చున్నాడట. అంతలో తీరం ఊళ్ల జనం టెంపోల్లో, నడుచుకుంటూ, పిల్లల్నెత్తుకుని రావడం మొదలైంది. వాళ్లను ఒక కల్యాణమంటపంలో ఉంచారు. లారీని అక్కడికే మళ్లించి, సరుకంతా వంటకు దించేశారు. రెండు రోజులూ నాయన, డ్రైవరు అక్కడే క్యాబేజీ తరిగారు.

"ఒకామె నా పక్కన కూర్చోని కోస్తా ఉన్నింది" అన్నాడు నాయన. "చీరంతా తడి. యా ఊరప్పా అని అరవంలో అడిగింది. చెప్పినా. మీ ఊర్లో సముద్రం ఉండాదా అనింది. లేదమ్మా అన్నా. ఇంకేం అడగలేదు. కత్తిపీట వదల్లేదు."

అమ్మ నీళ్లు కాచి తెచ్చింది. ఆయన స్నానం చేసి, సంగటి ముట్టకుండా పడుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు నాయన సరుకు వెంట మా దగ్గర్లోని రాయకోట సంత దాటి పోలేదు. అమ్మ వద్దన్నదీ లేదు. లారీ వచ్చినప్పుడు సరుకు ఎత్తి, తాడు బిగించి, వెనక్కి వచ్చేసేవాడు.