రిపోర్టులో ఏడో గడి

2019, వానలు మొదలైన రోజులు. కోనసీమలో ఒక కోర్టులో కౌన్సిలర్‌గా నాకది పదకొండో ఏడు. ఏ ఊరి కోర్టో చెప్పను, ఆ మనుషులంతా ఇంకా అక్కడే ఉన్నారు. కౌన్సిలర్ అంటే వకీలు కాదు. భార్యాభర్తలు విడిపోయి పిల్లల కస్టడీ కోసం, అంటే పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్నదాని కోసం కోర్టుకెక్కినప్పుడు, ఇద్దరి ఇళ్లూ చూసి జడ్జిగారికి రిపోర్టు రాసివ్వడం నా పని. దాన్నే హోమ్ స్టడీ అంటారు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, బడి ఎంత దూరం, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, అన్నీ రాయాలి.

ఇందుకు మా ఆఫీసులో ఒక ఫారం ఉండేది. నాకు ముందు పనిచేసినావిడ నాకు అప్పగించింది, ఆవిడకి ఎవరప్పగించారో తెలియదు. అందులో తొమ్మిది గడులు. ఏడో గడి పేరు ‘ఇంటి సంప్రదాయం, దైవభక్తి’. ఆ గడి అక్కడ ఎందుకుందని పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. ఉంది కాబట్టి నింపేదాన్ని.

పిల్ల పేరు హర్షిత, ఎనిమిదేళ్లు. తల్లి ధనలక్ష్మి రాజోలు దగ్గర ఒక ప్రైవేటు బడిలో టీచరు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. విడిపోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ పిల్ల తల్లి దగ్గరే ఉంది, ఎవరికీ పేచీ లేదు. మధ్యలో ధనలక్ష్మి టైఫాయిడ్‌తో నెలరోజులు మంచం పట్టింది. అప్పుడు పిల్లకి అన్నం పెట్టి, ఆవిడకి గంజి కాచి ఇచ్చింది వీధి చివర చర్చికి వెళ్లే ఆడవాళ్లు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆవిడా చర్చికి వెళ్లింది, ఏడాదికి బాప్తిస్మం తీసుకుంది. ఆ సంగతి తెలిసి తండ్రి సెలవు పెట్టుకొచ్చి పిటిషన్ వేశాడు. తల్లి మతం మారింది, పిల్ల తన మతానికి దూరమైపోతోంది, కాబట్టి పిల్లని నాకివ్వండి అని. ఆయన మళ్లీ కువైట్ వెళ్లిపోతాడు. అంటే పిల్ల ఉండేది అంబాజీపేటలో నాయనమ్మ దగ్గర.

మా జడ్జిగారు చెడ్డ మనిషి కాదు. పిల్లల కేసులున్న రోజు భోజనం కూడా మానేసి కూర్చునేవారు. అయినా ఈ కేసు విచారణకొచ్చిన రోజు ధనలక్ష్మిని ఆయన అడిగిన మొదటి మాట, “ఇంట్లో దీపం పెడతావామ్మా?” అని. ఆవిడ “లేదండి” అంది. ఇంకేమైనా అడుగుతారని కొంగు చేత్తో పట్టుకుని నిలబడింది. ఆయన ఏదో రాసుకుని, నన్ను ఇళ్లు చూసి రమ్మన్నారు. తండ్రిని మాత్రం, నువ్వు వెళ్లిపోయాక పిల్లకి జడలు ఎవరు వేస్తారని కూడా అడగలేదు.

ముందు అంబాజీపేట వెళ్లాను. నాయనమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. మనవరాలి పాత గౌన్లన్నీ మడతపెట్టి దాచుకున్న ట్రంకుపెట్టె తెరిచి చూపించి, “అది లేకపోతే నాకు పొద్దు పోదండి” అని కళ్లు ఒత్తుకుంది. నాకు ఆవిడ నచ్చింది. కానీ మోకాళ్ల నొప్పులు. పీట మీదనుంచి లేవడానికి నేను చెయ్యందించాల్సొచ్చింది. దేవుడి గది అద్దంలా ఉంది. ఏడో గడిలో ‘నిత్య దీపారాధన, చక్కని సంప్రదాయం’ అని రాశాను.

మర్నాడు రాజోలు. రెండు గదుల పోర్షను. పిల్ల పుస్తకాలకు అట్టలు వేసి, ఒక్కోదాని మీదా గుండ్రటి అక్షరాలతో పేరు రాసిపెట్టి ఉంది. గోడమీద బైబిలు వాక్యమున్న కేలండరు తప్ప పటాలేం లేవు. పిల్లని పక్కకి పిలిచి, నీకు గుడి ఇష్టమా చర్చి ఇష్టమా అని అడిగాను. ఎనిమిదేళ్ల పిల్లని అడగాల్సిన ప్రశ్నేనా అది? పిల్ల తడుముకోకుండా, “నాయనమ్మ దగ్గరుంటే గుడికెళ్తానండి, అమ్మ దగ్గరుంటే చర్చికెళ్తానండి. రెండు చోట్లా చెప్పులు బయటే విప్పాలండి” అంది. నవ్వుకున్నాను.

బయల్దేరబోతుంటే ధనలక్ష్మి పిల్ల చెవిలో ఏదో చెప్పింది. పిల్ల పక్కింటికి పరుగెత్తి కుంకుమ భరిణ పట్టుకొచ్చింది. ధనలక్ష్మి నాకు బొట్టు పెట్టి, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టింది. నేను తెల్లబోయి చూస్తుంటే, “ముత్తయిదువ ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా ఎలా పంపుతామండి? నేను పెట్టుకోవడం మానేనండి గానీ, మీకు పెట్టడం మానలేదండి” అంది.

బస్సులో కూర్చుని, నుదుటి మీద ఆవిడ పెట్టిన కుంకుమతోనే, ఏడో గడిలో ఇలా రాశాను: ‘దేవుడి మూల లేదు. దీపం పెట్టరు. పిల్లకి బొట్టు లేదు.’ మూడూ నిజాలే. నాకు పెట్టిన బొట్టు గురించి రాయాలని తోచనే లేదు.

తర్వాతి వాయిదాకి జడ్జిగారు నా రిపోర్టులోంచి పైకి చదివింది ఆ ఒక్క గడే. “కౌన్సిలర్‌గారే రాశారు, ఇంట్లో దేవుడి మూల కూడా లేదని. ఆడపిల్ల పెరగాల్సిన వాతావరణమేనా ఇది?” అన్నారు. బడి, తిండి, అట్టలేసిన పుస్తకాలు, నాయనమ్మ మోకాళ్లు, మిగతా ఎనిమిది గడులూ అలా ఉండిపోయాయి. పదిరోజుల్లో ఆర్డరు చెప్తానన్నారు. ధనలక్ష్మి నావైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. పిల్లని తల్లి నుంచి విడదీస్తే అది నా చేతిరాతతోనే జరుగుతుంది.

అడిషనల్ రిపోర్టు వేస్తానని అనుమతి తీసుకున్నాను. ఇచ్చిన రిపోర్టులో తప్పో లోటో ఉంటే సరిచేస్తూ ఇంకోటి ఇవ్వడమన్నమాట. నామోషీ పనే. కుంకుమ సంగతంతా వివరంగా రాసి, ఈ తల్లి పరమతం వాళ్లని ఎంత గౌరవిస్తుందో చూడండని ముగించి, టైపు చేయమని స్టెనో ఎస్తేరుగారికిచ్చాను. ఎస్తేరుగారూ నేనూ తొమ్మిదేళ్లుగా ఒకే బల్ల దగ్గర కేరేజీలు విప్పుకుని తింటున్నాం. ఆవిడ చదివి, టైపు చేయకుండా కాగితం బల్లమీద పెట్టింది.

“ఒక మాటడగొచ్చాండి?”

“అడగండి.”

“ఆరోజు ఆవిడ మీకు బొట్టు పెట్టకపోతే, పిల్లని తీసేసుకోవచ్చాండి?”

ఆవిడ గొంతు పెంచలేదు, నావైపు చూడలేదు కూడా. “ఈ గడి నేను తొమ్మిదేళ్లుగా టైపు చేస్తన్నానండి. మా ఇంటికొస్తే ఇందులో ఏం రాస్తారో అనుకునేదాన్నండి” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. జడ్జిగారి ప్రశ్నని తప్పుబడుతూ వచ్చిన నేను, అదే ప్రశ్న అచ్చువేసి ఉన్న ఫారం పదకొండేళ్లుగా సంచిలో మోస్తున్నాను. ఇప్పుడు ధనలక్ష్మిని కాపాడదామని మళ్లీ అదే తక్కెట్లో కూర్చోబెడుతున్నాను, కాకపోతే ఈసారి మార్కులు ఎక్కువేసి. ఆ కాగితం చింపేశాను. కొత్తదానిలో నాలుగు వాక్యాలే రాశాను. ఏడో గడిలో రాసినది పిల్ల బాగోగులకు సంబంధించినది కాదు. తల్లి ఏ దేవుణ్ని కొలుచుకున్నా అది ఆవిడ హక్కు. రెండిళ్లకి సంబంధించీ ఆ గడి ఉపసంహరించుకుంటున్నాను. మిగిలిన ఎనిమిదీ చూసి నిర్ణయించమని మనవి.

జడ్జిగారు ఛాంబర్‌కి, అంటే కోర్టు హాలు వెనక ఆయన గదికి పిలిపించారు. “ఈ గడి మీరు పెట్టారా?” అని అడిగారు. కాదండి, నింపానండి అన్నాను. ఫారం మరోసారి తిరగేశారు. ఆ తర్వాత, మా అమ్మ సాయంత్రం దీపం పెట్టేది, అదే మనసులో పెట్టుకుని అడిగేశానేమో ఆ రోజు, అన్నారు. నాతో అన్నట్టు లేదు. పిల్లని తీసుకురమ్మన్నారు. దేవుడి మాట ఎత్తలేదు. పొద్దున్న లేచాక ఏం చేస్తావు, రాత్రి భయమేస్తే ఎవర్ని లేపుతావు అని అడిగారు. అది కాళ్లూపుతూ అన్నీ చెప్పి, వెళ్లేముందు తనే వెనక్కి తిరిగి, “నాయనమ్మని కూడా చూడనిస్తారాండి?” అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పిల్ల తల్లి దగ్గరే ఉండాలని, సెలవులన్నీ నాయనమ్మ దగ్గర గడపాలని, గుడికైనా చర్చికైనా పిల్ల వెళ్తే ఎవరూ అడ్డుపెట్టకూడదని ఆర్డరు వచ్చింది. వరండాలో ధనలక్ష్మి దగ్గరికెళ్లి, నన్ను క్షమించమ్మా అన్నాను. “మీరు అబద్ధమేం రాయలేదు కదండీ” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నిజాలే రాసి కూడా ఒక మనిషికి ఎంత అన్యాయం చేయొచ్చో ఆ కేసే నాకు నేర్పింది.

ఆ వారమే ఫారం మార్చడానికి జడ్జిగారు ఒప్పుకున్నారు. ఎస్తేరుగారు ఎనిమిది గడులతో కొత్తది టైపు చేసి, తప్పులున్నాయేమో చూసుకోమని నా ముందు పెట్టారు. చూసి, బాగుందన్నాను. ఆవిడ కేరేజీ సర్దుకుంటూ, “ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి మేడంగారూ” అంది. తొమ్మిదేళ్లలో ఆవిడ నన్ను ఇంటికి పిలవడం అదే మొదటిసారి.