బర్రెల మీద నేను రాయని పేపర్లు

నంద్యాలలో ఒక మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. ప్రమోషన్ ఫారం నింపేటప్పుడు అందులో రెండు గడుల దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పరిశోధన పేపర్లు ఎన్ని అచ్చయ్యాయి? వాటిని వేరేవాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారు? మొదటిదానికి జవాబు మూడు. రెండోదానికి నాలుగు. ఆ నాలుగులో రెండుసార్లు ఉదహరించింది నేనే.

మా డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరిన మేడం నా అవస్థ చూసింది. "ఇంటర్నెట్లో ప్రొఫైల్ పెట్టుకుంటే అదే లెక్కేస్తుంది మేడం" అని నా పేరు కొట్టింది. నా ఇంటిపేరూ, ఇనీషియల్సూ ఉన్న పేపర్లన్నీ వరసగా వచ్చాయి. ఇవన్నీ మీవేనా అని అడుగుతోంది కంప్యూటర్. అదే సమయానికి ల్యాబ్ నుంచి పిలుపొచ్చింది. "అన్నీ నొక్కెయ్యి" అని చెప్పి వెళ్లిపోయాను.

శనివారం వచ్చేసరికి కాలేజీ గేటు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ, కింద 'రెండు వేలసార్లు ఉదహరించిన పేపర్లు' అని. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పి, "ఇంత పెద్ద సైంటిస్టుకు ఇన్నాళ్లూ ఇన్విజిలేషన్ డ్యూటీలు వేశానమ్మా" అని నొచ్చుకున్నారు. నాకేమీ అర్థం కాలేదు. నా గదిలోకి వెళ్లి ప్రొఫైల్ తెరిచాను. వందకు పైగా పేపర్లు! బర్రెల పొదుగువాపు. దూడల విరేచనాలు. మళ్లీ బర్రెల పొదుగువాపు. ఎవరో పశువైద్య శాస్త్రవేత్త జన్మంతా పడిన కష్టం నా పేరు కిందికి వచ్చి చేరింది.

వెంటనే వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. ఒక్క పూట ఉండనిద్దామనిపించింది.

ఆ పూటలోనే ఫొటో ఆళ్లగడ్డ చేరింది. నాయన అక్కడ రిటైరైన టీచరు, చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన అయిపోగానే లేచి, "మా పాప రాసిందాన్ని రెండు వేల మంది ఎత్తి చెప్తాండారంట" అని ప్రకటించాడు. దేని గురించి రాసిందని ఎవరో అడిగారు. నాయన ఫోన్లో చూసి, "బర్రెల గురించి" అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "మన ఈదిలో ఒకాయన బర్రెకు పొదుగు వాచి రాయి మాదిరి అయింది. ఏం చేయాల్నో చెప్పు, బేగా."

"నాయనా, నేను మనుషుల డాక్టర్ని."

"మనుషుల మీద రాసినేవి మూడే గదమ్మా. మిగిలినేవన్నీ బర్రెల మీదనే రాసినావ్."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పాను.

"మీ ప్రిన్సిపాల్‌కు చెప్పినావా?"

"లేదు."

"పోయి చెప్పు. బర్రె సంగతి గూడా చూడు. అది యాడికి పోతాది పాపం?"

ప్రిన్సిపాల్ గారు విని, కిటికీలోంచి ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూశారు. "ఇప్పుడు దించితే ఎందుకని అడుగుతారు. గాలివానకు అదే పోతుంది లెమ్మా" అన్నారు.

పేపర్ల మీద ఆ శాస్త్రవేత్త ఈమెయిల్ ఉంది. క్షమాపణ చెప్తూనే బర్రె గురించి కూడా అడిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది. పొదుగులో పాలు నిలవనీయొద్దని, ఆ పాలు ఎవరూ తాగొద్దని, ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపొమ్మని వివరంగా రాశారు. చివర్లో ఇంకో మాట: "మూత్రంలో క్రిముల మీద మీరు రాసిన పేపరు చాలా ఏళ్లుగా నా ప్రొఫైల్లో ఉంది. మావాళ్లు అడిగితే బర్రె మూత్రమని చెబుతూ వచ్చాను. మీరూ నన్ను క్షమించాలి."

చదివి పడీ పడీ నవ్వాను. తర్వాత కూర్చుని ఆయన పేపర్లన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. బర్రె మాత్రం కోలుకుంది.

మరుసటి ఆదివారం నాయన చర్చిలో లేచి, పోయినవారం తాను చెప్పింది తప్పని ఒప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. తండ్రీ కూతుళ్లకు గర్వం లేదని మెచ్చుకున్నారంట.

పోయిన నెల ఆళ్లగడ్డలో బస్సు దిగాను. రాతి శిల్పాలు చెక్కే షెడ్ల ముందు ఒకామె మేకను తాడుతో లాక్కుంటూ ఎదురొచ్చింది. "నువ్వే గదా పశువుల మీద రాసే పాపవు? రెండు దినాల నుంచి ఇది మేత ముట్టలేదు. ఏందో చూడు" అంది.

నాకు తెలియదని ఎంత చెప్పినా వినలేదు. చివరికి మేక తాడు నేను పట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచాను.