బిట్రగుంట గ్రౌండులో మైకు

పెళ్లయి నేను బిట్రగుంట రైల్వే క్వార్టర్సుకు కాపురానికి వచ్చేనాటికే మా ఆయన కాలనీ ఫుట్‌బాల్ టీముకు కోచ్. పగలంతా లోకోషెడ్డులో ఫిట్టరు పని, సాయంత్రమైతే గ్రౌండు. అన్నం తింటూ కూడా కంచం అంచున మెతుకులు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకునేవారు.

మూడో ఏడు టీము వరసగా ఓడింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు తనకు తెలిసిన మనిషిని కోచ్‌గా పెట్టుకున్నాడు. ఆ సంగతి ఈయనకు ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం గ్రౌండుకు వెళ్లేసరికి విజిల్ ఇంకొకరి నోట్లో ఉంది. ఇంటికొచ్చి బూట్లు మంచం కిందికి తోసి, మళ్లీ అటు వెళ్లలేదు.

గ్రౌండులో అరుపులు మా గుమ్మం దాకా వినపడేవి. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని వినేవారు.

"బాలు ఎడమపక్కకి పోయింది. ఇప్పుడు కొట్టకూడదు, ఆగాల. చూడు, కొట్టేసినాడు!"

"చూడకుండానే ఎట్టా తెలిసింది మీకు?"

"అరుపు యాడనుంచి వస్తా ఉందో వింటే తెలిసిపోదా?"

నేను ఆట నేర్చుకుంది ఆ గుమ్మంలోనే.

మరుసటి ఏడు టోర్నమెంటు ముందు, ఆట ఎట్లా సాగుతోందో మైకులో చెప్పే ఆయనకు బదిలీ అయింది. టీము సెక్రటరీ మా ఇంటికొచ్చి, ఆ పని ఈయన్ని చెయ్యమని అడిగాడు.

"నన్ను తీసేసినోళ్ల ఆట గురించి నేను చెప్పాల్నా?" అన్నారు ఈయన.

నేను లోపలినుంచే అన్నాను. "నాకు చెప్పినట్టే చెప్పండి. నాలాగా ఆట తెలీనోళ్లు ఈ కాలనీలో శానామంది ఉండారు."

వెళ్లారు. అంతకు ముందు మైకులో సగం ఇంగ్లీషే వినపడేది. ఈయన మన మాటల్లో చెప్పేసరికి, పొయ్యిలు ఆర్పేసి ఆడవాళ్లు కూడా గ్రౌండుకు వచ్చారు.

రెండో రోజు మా గోల్‌కీపరు తేలికైన బాలు వదిలేశాడు. రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్, ఈయన దగ్గర ఆట నేర్చుకున్నవాడే. "చంటిబిడ్డయినా పట్టుకునుండేది!" అని మైకులో వినపడింది. "ఇతన్ని ఆడ నిలబెట్టినోళ్లను అనాల!" జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర గోల్‌కీపరు భార్య నా పక్కకు వచ్చింది. "అక్కా, ఆయన రాత్రి అన్నం ముట్టలేదు. అన్న అంత మాట అన్నాడే అని."

ఆ మాట ఈయనకు చెప్పాను. సాయంత్రం ఆటకు ముందు నన్ను వెంట తీసుకెళ్లి, ముందురోజు గోల్ పడిన చోట నిలబడ్డారు.

"నువ్వు నడిమికి పోయి నిలబడు," అన్నారు.

జనం వచ్చే వేళ. సిగ్గుతో కొంగు కప్పుకుని నిలబడ్డాను. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎండ కళ్లలో పొడస్తా ఉంది. నువ్వు ఆడుండావని తెలుసు, కనపడలా నాకు."

ఆట మొదలయ్యేముందు మైకు అందుకున్నారు. "నిన్న గోల్‌కీపరును నేనన్న మాట తప్పు. ఈ వేళప్పుడు ఆ గోలులో బాలు కనపడదు. కోచ్‌గా ఉన్నన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా ఆడ నిలబడి చూడలేదు. నా కోచ్ పని పోయిందన్న కోపం కూడా ఆ మాటలో ఉండింది. తమ్ముడా, మన్నించు."

అవతల గోలులోంచి గోల్‌కీపరు చెయ్యెత్తాడు. ఆరోజూ మన టీము ఓడింది. అయినా ఆట అయ్యాక భార్యాభర్తలిద్దరూ మా ఇంట్లోనే అన్నం తిన్నారు.

ఆ తర్వాత కావలి, నెల్లూరు నుంచి కూడా ఈయనకు పిలుపులొచ్చాయి. జువ్వలదిన్నెలో వలలు లాగేవాళ్లు ఇసుకలో ఆడుకుంటుంటే, మైకు లేకపోయినా పడవ మీదికెక్కి చెప్పారు. రెండేళ్లకు ఆఫీసరు మారి, మళ్లీ కోచ్‌గా రమ్మన్నారు.

"వద్దులే సార్," అన్నారు ఈయన. "ఇప్పుడు రెండు టీములూ నావే."

ఆ ఏడు టోర్నమెంటుకు నాకు నెలలు నిండాయి. గ్రౌండుకు వెళ్లలేకపోయాను. ఆట మొదలయ్యే ముందు ఆయన సెక్రటరీని అడిగి, స్పీకర్లలో ఒకదాన్ని మా క్వార్టర్సు వైపు తిప్పించారు.