తుక్కుకి వెయ్యనన్న కారు

కరుణమ్మ కారు మలుపు తిరగకముందే, ఆవిడ వస్తోందని అమెరికాలోని షాంటిలీ ఊళ్లో ఆ టౌన్‌హౌసుల వరస మొత్తానికీ తెలిసిపోయేది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, దానికి తోడు చిల్లుపడ్డ సైలెన్సరు. 1966 నాటి నాలుగు తలుపుల సెడాన్ అది. ముందు సీటు పట్టెమంచమంత ఉండేది. ఒకప్పటి ఆకుపచ్చ రంగు ఎండకీ వానకీ వెలిసి పాచిరంగుకి దిగింది.

కరుణమ్మది బాపట్ల. గుంటూరులో నర్సు పని నేర్చుకుని, భర్త జోసఫ్‌తో, నాలుగేళ్ల కూతురు శాంతితో 1974లో వర్జీనియా వచ్చింది. అప్పట్లో ఆర్లింగ్టన్‌లో అద్దెకుండేవాళ్లు. రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్లేది. ఒక పొద్దున మంచు కురిసి రెండో బస్సు రానే లేదు. నడిచి నడిచి, మేజోళ్లు తడిసి కాళ్లకి అట్టకట్టుకుపోయి వార్డుకి చేరితే, హెడ్‌నర్సు గోడ గడియారం కేసి వేలు చూపించింది. ఆ వారమే కరుణమ్మ డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. లైసెన్సు చేతికొచ్చాక, తన వార్డులో పోయిన ఒక ముసలాయన కారుని ఆయన భార్య అమ్ముతోందని తెలిసి, ఓవర్‌టైమ్ చేసి దాచుకున్నదంతా పెట్టి కొనేసింది. ఆ తర్వాత షాంటిలీలో కొన్న ఇల్లు జోసఫ్ పేర, బ్యాంకు ఖాతా జోసఫ్ పేర. కారు కాగితంలో మాత్రం కరుణమ్మ పేరొక్కటే.

పాత కారుని పెట్టుకోవడమంటే ఇంట్లో ఇంకో మనిషిని మేపడమే. చలికాలం పొద్దున్నే పెడల్ రెండుసార్లు తొక్కి తాళం తిప్పాలి. మూడోసారి తొక్కారో, కార్బురేటర్‌లోకి పెట్రోలు పొంగి ఇక ఆ పూటకి లేవదు. వేసవిలో ట్రాఫిక్‌లో ఆగితే రేడియేటర్ మరిగిపోయేది, డిక్కీలో నీళ్ల డబ్బాలు లేకుండా గడప దాటేది కాదు. రోడ్ల మీద చల్లిన ఉప్పు కింద నుంచి ఇనుముని తినేస్తూనే ఉండేది. పెట్రోలు సంగతి సరేసరి.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో పెట్రోలు కరువొచ్చి బంకుల ముందు వీధుల పొడుగునా క్యూలు నిలిచాయి. ఇంజను ఆన్‌లో ఉంచితే మరుగుతుంది, ఆపితే వేడి మీద మళ్లీ స్టార్ట్ అవదు. అందుకని కరుణమ్మ ఇంజను ఆపేసి, తలుపు తీసి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని భుజంతో బండిని నెట్టుకుంటూ ముందుకి జరిగింది. వెనక చిన్న కారులోని ఆయన తల బయటపెట్టి, "చిన్న కారు కొనుక్కోవమ్మా!" అని అరిచాడు.

"ముందు దిగి ఒక చెయ్యి వెయ్యి! కొనడం తర్వాత చూద్దాం!" అని కరుణమ్మ వెనక్కి తిరక్కుండానే అరిచింది. ఆయన నిజంగానే దిగి నెట్టాడు.

ఎనభై నాలుగులో అసలు చిక్కు వచ్చింది. ఏటా జరిగే తనిఖీలో కారుని పైకెత్తి చూస్తే, డ్రైవరు కాళ్ల కింద రేకు తుప్పుపట్టి జల్లెడైపోయింది. బ్రేకు గొట్టాలు చేత్తో ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. అద్దానికి ఫెయిలైనట్టు స్టిక్కరు అంటించి పంపారు. బాగుచేయించడానికి అడిగింది కారు విలువకి మూడింతలు.

"ఇన్నేళ్లు దీనికి తగలేసిన దాంతో కొత్తది వచ్చి ఉండేది కరుణా," అన్నాడు జోసఫ్. గొంతు పెంచే మనిషి కాదు. నెమ్మదిగా, పదిసార్లు చెప్తాడు. శాంతి అప్పటికి హైస్కూలు. "మమ్మీ, నన్ను స్కూల్ ముందు డ్రాప్ చెయ్యొద్దు, కార్నర్‌లో ఆపు. ప్లీజ్," అనేది.

ఒక శనివారం జోసఫ్ ఆవిడని కొత్త కార్ల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి సేల్స్ అతను రంగుల గురించీ వాయిదాల గురించీ జోసఫ్‌తోనే మాట్లాడాడు. కరుణమ్మ ఏదైనా అడిగితే జవాబు కూడా జోసఫ్ మొహం చూసే చెప్పాడు. చివరికి పాత కారు సంగతి వచ్చింది. "దాన్ని మేమే తుక్కుకి పంపించేస్తాం సార్, మీకు శ్రమ లేకుండా," అన్నాడు.

"అది ఆయనది కాదు," అంది కరుణమ్మ లేస్తూ. "నాది. నేను పంపించను."

సోమవారం వెళ్లి, హైస్కూలు షెడ్డులో పెద్దవాళ్లకి సాయంత్రాలు నడిపే కారు రిపేరు క్లాసులో చేరింది. క్లాసులో ఆడమనిషి తనొక్కతే. మొదటిరోజు ఒకడు, "కుట్టుపని క్లాసు పక్క బిల్డింగు," అన్నాడు. "కుట్లు నేను ఆసుపత్రిలో రోజూ చూస్తాను. ఇక్కడికి వెల్డింగుకి వచ్చాను," అందావిడ.

ఇంటి ముందు కారు స్టాండ్ల మీద లేచి, చక్రాలు లేకుండా వారాల తరబడి ఉండిపోయింది. కాలనీ కమిటీ పెద్ద వీలర్ వచ్చి తలుపు తట్టాడు. నడవని బండ్లు ఇళ్లముందు ఉంచకూడదని రూలు, తియ్యకపోతే లాగించేస్తాం అన్నాడు. కమిటీ మీటింగుకి వచ్చి చెప్పుకోవచ్చని కూడా అన్నాడు.

"ఎందుకొచ్చిన గొడవ, ఊళ్లో పరువు పోతుంది," అన్నాడు జోసఫ్.

"మీరు రాకపోయినా ఫరవాలేదండీ," అంది. జోసఫ్ వచ్చాడు గానీ వెనక వరసలో, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

కరుణమ్మ డ్యూటీ నుంచి తెల్ల యూనిఫాంలోనే వెళ్లింది. తన వంతు రాగానే లేచి నిలబడింది. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"నెల నుంచీ అది కదల్లేదు. అంటే నడవని బండే కదా?" అన్నాడు వీలర్.

"మా ఆసుపత్రిలో నెలరోజులు మంచం మీదున్న మనిషిని చచ్చిపోయాడని రాయం," అంది కరుణమ్మ. "వైద్యం జరుగుతోంది అంటాం. దానికి వైద్యం నేనే చేస్తున్నాను. నడిచాక మీ ఇంటిముందు నుంచే తీసుకెళ్తాను, చూడండి."

ఎవరో నవ్వారు. వీలర్ నవ్వలేదు గానీ కమిటీ నెలాఖరు దాకా గడువిచ్చింది.

కారుని క్లాసుకి లాగించుకెళ్లి కొత్త రేకు వేసింది. మొదటి అతుకులు వంకరగా వస్తే గీకేసి మళ్లీ వేసింది. బ్రేకు గొట్టాలు ఇంటి దగ్గరే మార్చింది. అయితే గొట్టాల్లోంచి గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి, ఒకరు కింద, ఒకరు పెడల్ మీద. శాంతి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. కరుణమ్మ పానా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. జోసఫ్ పేపరు మడిచి, చెప్పులేసుకుని వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"తొక్కండి!" అంది కారు కిందనుంచి. "ఆఁ, అలాగే పట్టి ఉంచండి. వదలకండి! వదలమనేదాకా వదలకండి!"

"పట్టే ఉన్నాను కరుణా," అన్నాడు. కాలు నొప్పెట్టినా తియ్యలేదు.

తనిఖీలో కారు పాసైంది. ఆ సాయంత్రం కరుణమ్మ అద్దాలన్నీ దించి బయల్దేరింది. చిల్లు సైలెన్సరు కూడా అప్పటికే మార్చేసింది. శబ్దం తక్కువైందని హారన్ కొడుతూ వీలర్ ఇంటిముందు నుంచి మెల్లగా పోనిచ్చింది. పక్కసీట్లో జోసఫ్ సిగ్గుతో తల దించుకున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

కారు ఇంకో నాలుగేళ్లు తిరిగింది. ఎనభై ఎనిమిదిలో హైవే మీద గేర్‌బాక్సు ముక్కలైంది. "పాత సామాను యార్డులో ఇంకోటి దొరుకుతుందేమో, వెతుకుదామా?" అని జోసఫే అడిగాడు.

కరుణమ్మ బానెట్ మీద చెయ్యేసింది. "వద్దండీ. దీనికీ ఓపిక అయిపోయింది, నాకూ నడుము పట్టేస్తోంది. అప్పుడు అందరూ వదిలెయ్యమన్నారని వదల్లేదు. ఇప్పుడు నాకే చాలనిపించింది."

మరుసటి వారం ఆసుపత్రిలో తోటి నర్సు దగ్గర ఆరేళ్లు వాడిన సెడాన్ ఒకటి కొంది. అదీ పొడుగ్గానే ఉంది, అదీ తన పేరనే. జోసఫ్ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఒక రౌండు నేను డ్రైవ్ చెయ్యనా?" అన్నాడు.

"ముందు ఆయిల్ మార్చాలి," అంటూ కరుణమ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "వచ్చి పానా అందుకోండి."