సవతి ముంగిట ముగ్గు

మా తోడికోడలు పోయింది. వాకాడు నుంచి వచ్చిన పాలేరు గుమ్మంలోనే నిలబడి, "పెద్దమ్మగారు తెల్లారేసరికి లేరమ్మా" అన్నాడు. కాలేజీకి బయల్దేరబోతూ గొడుగు చేతిలో పట్టుకుని ఉన్నాను. "మరి బావగారు యాడ ఉండారు? సవతి ఇంట్లోనా?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అది ఆమె మాట. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళినప్పటి నుంచి వినీ వినీ నా నోటికీ పట్టేసింది.

సవతి అంటే మనిషి కాదు, గోల్ఫు ఆట.

ఊరు దాటి సముద్రం వైపు పోతే సర్వితోటల మధ్య ఒక చిన్న గోల్ఫు మైదానం ఉండేది. అభ్రకం గనుల దొరలు తమ సరదాకి వేసుకున్నది. వాళ్ళు వెళ్ళిపోయాక గనుల వాళ్ళూ ఆఫీసర్లూ ఇద్దరు ముగ్గురు రైతులూ కలిసి క్లబ్బుగా నడిపేవారు. మా బావగారు దానికి సెక్రటరీ. ఉప్పుగాలికి అక్కడ పచ్చిక నిలిచేది కాదు. అందుకని బంతి పడాల్సిన గుంట చుట్టూ పెద్ద పళ్ళెంలా గుండ్రంగా ఇసుక పరిచి, నూనె కలిపి అణిచేవాళ్ళు. ఎవరు నడిచినా అడుగులు పడతాయి కాబట్టి, పొడుగాటి పిడి ఉన్న చెక్కపలకతో లాగి మళ్ళీ నున్నగా చేయాలి. బావగారు ఆ పని ఇంకొకరికి వదిలేవారు కాదు.

"నా పక్క మీద దుప్పటి ముడత ఏనాడూ తీసినోడు కాదు. దాని పక్క సర్దేదానికి మాత్రం కోడి కూయకముందే పోతాడు" అనేది అక్క. మా తోడికోడల్ని నేను అట్లాగే పిలిచేదాన్ని.

ఆయన తిరిగి రాగానే చొక్కా లాక్కుని వాసన చూసేది. "ఈ పొద్దు సెంటు బాగా పూసుకున్నట్టుందే నా చెల్లెలు! కులాసానా?"

"కులాసానే. నిన్ను అడిగినానని చెప్పమంది."

"అడగతాది, అడగతాది. మొగుణ్ణి పెట్టుకున్నది కదా, ఆ మాత్రం మర్యాద ఉండొద్దూ!"

ఇద్దరూ నవ్వేవారు కాదు. అన్నం మాత్రం పొగలు కక్కుతూ విస్తట్లోకి వచ్చేది. నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండేదాన్ని. నెల్లూరులో మా ఇంట్లో ఆయన కోర్టు నుంచి వస్తారు, నేను కాలేజీ నుంచి వస్తాను. "వచ్చావా?" "ఆఁ, మీరు?" అంతే. మా ఆయన చొక్కా వాసన చూడవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. అది అదృష్టమని అందరూ అంటారు. నాకే ఎందుకో అనుమానం.

యాభైల చివర్లో ఒక ఏడు, ఆటే వృత్తిగా బతికే వాళ్ళ పోటీ మా క్లబ్బులో పెట్టాలని నిర్ణయమైంది. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి ఆటగాళ్ళు వస్తున్నారు. బావగారికి తిండీ నిద్రా లేవు. ఆ మైదానం పరువు ఎట్లాగైనా నిలబడాలి. బాగా జరిగితే ఏటా ఇక్కడే పెడతారన్న ఆశ ఒకటి. అప్పటిదాకా అక్క ఆ మైదానం మొహం చూడలేదు, చూడనని పంతం. కానీ వచ్చిన వాళ్ళకి టిఫిన్లు క్లబ్బు వాళ్ళ ఇళ్ళ నుంచే వెళ్ళాలి. పందిరి ముందు ముగ్గేయమని క్లబ్బు ప్రెసిడెంటుగారి భార్య కబురు పెట్టింది. ముగ్గు వేయడంలో అక్కని మించిన వాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. సెలవుల్లో అక్కడే ఉన్నాను కాబట్టి నేనూ బండెక్కాను.

పందిట్లో నేను ఇడ్లీ గిన్నెలు దించుతుంటే ఆమె కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే చివరి గుంట దగ్గర వంగి ఉంది. బావగారు ఆ తెల్లవారే నున్నగా లాగి వెళ్ళిన నల్లటి ఇసుక మీద, తెల్లగా, గుంటనే నడిమి చుక్క చేసుకుని, మెలికల ముగ్గు!

"అక్కా! ఏం పని ఇది?"

"ఏంది అమ్మణ్ణీ, ఇంత బాగా ఊడ్చి అలికిన చోటుని బోసిగా పెడతారా ఎవరైనా? శుభమా అని పదిమంది వస్తా ఉంటే?"

అమాయకంగానే అన్నదా? మొహంలోకి చూశాను. పిండి డబ్బా మూత పెట్టుకుంటోంది, అంతే. ఇన్నేళ్ళుగా ఆ మొహాన్నే తలచుకుంటున్నాను, తేల్చుకోలేకుండా ఉన్నాను.

అంతలో అందరూ వచ్చేశారు. ప్రెసిడెంటుగారి మొహం కందగడ్డ అయింది. "ఏమయ్యా సెక్రటరీ, ఇది పోటీనా, పేరంటమా? చెరిపించు ముందు!"

ఎవరో పలక తెచ్చి బావగారి చేతికిచ్చారు. ఆయన పలక పట్టుకుని ముగ్గు అంచున నిలబడ్డారు. ఎదురుగా అక్క, ఎప్పుడూ లేనిది, తల దించుకుని. ఒక్కసారి లాగితే పోయేదానికి ఆయన ఎంతసేపు నిలబడ్డారో! చివరికి పలకని గట్టు మీద పెట్టేశారు.

"లోకల్ రూలండీ" అన్నారు. "ఈ గుంట కాడ ఇయ్యాల పలక లాగేది లేదు. బంతులు ముగ్గు మీదనే పోతాయి."

అట్లాగే పోయాయి. పిండి గీతలు తగిలి బంతులు పక్కకి తిరిగాయి. మద్రాసు ఆటగాడొకాయన బెత్తెడు దూరంలో తప్పి ఏదో తిట్టుకున్నాడు. గుంటలోంచి తీసిన ప్రతి బంతికీ పిండి అంటుకుని ఉంది. అక్క పందిట్లో నిలబడి కాఫీ పోస్తూ ఒక్కసారి కూడా అటు చూడలేదు. చూస్తున్నది నేను. ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. సవతి మీద ఆమె పడ్డ ఈర్ష్య నేను ఆమె మీద పడ్డదాని ముందు ఎంత!

ఆ పోటీ మళ్ళీ మా వైపు రాలేదు. బావగారి సెక్రటరీ పని పోయింది. పోతూ పోతూ ఆ పలకని ఇంటికి తెచ్చుకున్నారు.

"మొత్తానికి సవతిని వెళ్ళగొట్టావు కదక్కా" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"నేనా? నేను ముగ్గేసినాను, అంతే." చూరుకింద ఆనించిన పలకని చూపించింది. "అదో, సవతి కొడుకు. తల్లి లేని బిడ్డ, చోటియ్యకపోతే ఎట్టా?" ఏటా దానికి చెదలు పట్టకుండా తనే నూనె రాసేది.

మైల ఇంట్లో ముగ్గు పెట్టరు. ఆమె పోయిన మర్నాడు, వాకాడు ఇంట్లో పొద్దున్నే లేచి వరండాలోకి వచ్చాను. బావగారు చూరుకింది పలక తీసి, ముంగిట్లో ఇసుకని గుండ్రంగా, నిదానంగా లాగుతున్నారు. ఒక్క ముడత లేదు. అయ్యాక అంచుకి జరిగి, పిడి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. తలుపు పక్కనే పిండి డబ్బా ఉంది. నా చెయ్యి అటు పోయింది, వెనక్కి తీసుకున్నాను. అది నా కోసం చదును చేసిన చోటు కాదు.

కోడి ఒకటి దాని మీదుగా నడిచిపోయింది. ఆయన పలక తీసుకుని మళ్ళీ మొదటి నుంచి లాగారు.