తప్పుకోవాల్సింది ఎవరు?

రేవు దాటించే లాంచీలో ముందు నిలబడి దారి చూడటం ఆమె పని. ఎదురుగా ఏ పడవ వచ్చినా చెయ్యెత్తి, గొంతెత్తి వెనక చుక్కాని పట్టిన సరంగుకు చెప్పాలి. ఆ సరంగు ఆమె అక్క మొగుడే. రేవులో అందరూ ఆమెను గద్ద అనేవారు. చూపుకు కొంత, నోటికి కొంత.

ఆ ఏడు యజమాని లాంచీ ముందు కమ్మీలకు పెద్ద సబ్బు ప్రకటన బోర్డు కట్టించాడు. చుక్కాని గదిలోంచి చూస్తే నీళ్ళు కనపడవు, నురగలో నవ్వే పిల్ల బొమ్మ వెనకవైపు అట్ట కనపడుతుంది. తీయించమని ఆమె యజమానితో పోట్లాడింది, బావతోనూ పోట్లాడింది.

"నువ్వున్నావుగా మరదలా, నీ కళ్ళు నాకు అరువియ్యి" అని అతను నవ్వేశాడు.

కళ్ళు అరువిస్తే సరిపోతుందా, వినే చెవి ఉండొద్దూ? ఒక పొద్దున వల లాగుతున్న ముసలాయన పడవ సరిగ్గా దారికి అడ్డంగా ఉంది. ఎడమకు తిప్పమని ఆమె గొంతు చించుకుంది. బావ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో కబుర్లలో ఉన్నాడు. ఆమె వెనక్కి పరుగెత్తి గది తలుపు తన్నేసరికే చెక్కలు ఫెళ్ళున విరిగాయి.

ముసలాయనను పైకి లాగారు. బతికాడుగానీ కుడిచెయ్యి నుజ్జయింది.

గట్టు చేరేలోపే కథ అల్లేశారు. ముసలాడే అడ్డం వచ్చాడట, పైగా చెవుడట. "చిన్న పడవే తప్పుకోవాలి" అన్నాడు బావ నలుగురిలో. వల నీళ్ళలో ఉన్నవాడు ఎటు తప్పుకుంటాడు? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం అక్క వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. రేవు అధికారులు జరిపే విచారణలో ఏమీ చూడలేదని చెప్పమంది. చిన్నప్పుడు చంకనేసుకుని పెంచిన సంగతి ఎత్తింది.

"చూడ్డమే నా పని అక్కా. చూళ్ళేదని ఎలా చెప్పను?"

"నా కాపురం నీళ్ళపాలు చేస్తావా?"

"ముందు ఆయన చెయ్యి చూసి రా. తర్వాత అడుగు."

అక్క చూడ్డానికి వెళ్ళలేదు.

విచారణలో ఆమె బోర్డు సంగతి, ఫోను సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. బావ లైసెన్సు పోయింది. యజమాని మాత్రం మందలింపుతో బయటపడ్డాడు, బోర్డూ తీయించలేదు. మర్నాడు ఆమె ప్రయాణికులందరూ చూస్తుండగా కటింగ్ ప్లేయరుతో తీగలు తెంపి, బోర్డును ఈడ్చుకెళ్ళి యజమాని ఆఫీసు గుమ్మంలో పడేసింది.

"గంతలు కట్టుకోవాలనుంటే మీ ఇంట్లో కట్టుకోండి" అంది.

ఉద్యోగం పోతుందనుకుంది. పోలేదు, ఆమె లేకుండా లాంచీ తీయనని కొత్త సరంగు మొండికేశాడు. అక్క ఇప్పటికీ మాట్లాడదు. రేవు మెట్ల మీద ముసలాయన ఒంటిచేత్తో వల చిక్కులు తీస్తుంటే, ఆమెకు జాలి కన్నా ముందు కోపమే పొంగుకొస్తుంది. కొత్త సరంగు ఫోను ఒడ్డునే వదిలి ఎక్కుతాడు. అతనికెవరూ చెప్పలేదు, ఆమె మొహం చూశాడంతే.