విమల గారి కోసం మూడు శుక్రవారాలు

మా చిన్నప్పుడు... చిలకలగూడలో మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం స్త్రీల కూడిక జరిగేది. ముందుగదిలో కుర్చీలు బయటపెట్టేసి చాపలు పరిచేవాళ్లం. చర్చి అయ్యగారి భార్యను అందరం అమ్మగారు అనేవాళ్లం. ఆవిడ వాక్యం చదివాక, ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పమనేవారు. ఇక ఒక్కొక్కరూ మొదలుపెట్టేవాళ్లు... ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి కోడలు.

మా రూతత్త మాత్రం ఏ శుక్రవారమూ ఏమీ అడిగేది కాదు.

రూతత్త మా నాన్న చెల్లెలు. భీమవరంలో కాపురం. మామయ్య ఒక వేసవిలో ఆవిడను ట్రంకుపెట్టెతో సహా మా ఇంట్లో దింపి, పది రోజుల్లో వచ్చి తీసుకెళ్తానన్నాడు. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ పది రోజులు కాస్తా రెండేళ్లయ్యాయి. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకునేవాళ్లు... అలాంటి మర్యాదలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

అత్తకు ఉన్నదల్లా పుస్తకాలే. రాంగోపాల్‌పేట్‌లో అద్దె పుస్తకాల షాపు నుంచి వారానికి రెండు నవలలు, ఎప్పుడైనా ఒక వ్యాసాల పుస్తకం తెచ్చుకునేది. మా ఇంట్లో నవలలకు అంత మంచి పేరు లేదు కాబట్టి, ఎవరైనా వస్తే కీర్తనల పుస్తకం కింద దాచేది.

మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాకు కథంతా చెప్పి, చివర్లో తన అభిప్రాయం చెప్పేది. ఒక నవల గురించి, రాసినావిడ కథలోని పిల్లను ఏం చెయ్యాలో తోచక చంపేసింది అంది. ఓర్పు మీద ఇరవై పేజీల వ్యాసం రాసినాయన గురించి, ఒక్కరోజు కిరసనాయిలు క్యూలో నిలబడి ఉంటే రెండు పేజీల్లో తేల్చేసేవాడు అంది. నాకు సగం అర్థమయ్యేది కాదు. కానీ ఆ ఇంట్లో పెద్దవాళ్లలో నాతో సమానంగా మాట్లాడింది ఆవిడొక్కతే.

ఆ ఏడు వానాకాలంలో ఒక నవల మొదటి భాగం తెచ్చింది. అందులో విమల అనే ఆవిడను భర్త పుట్టింట్లో వదిలేసి వెళ్తాడు. పుస్తకం అయిపోయినా తిరిగి రాడు. రెండో భాగం వేరే ఎవరో తీసుకెళ్లారు, షాపులో లేదు. అత్త ఆ మొదటి భాగాన్నే మళ్లీ మళ్లీ చదివింది... చదివి ఏడ్చింది. ఎలా ఉందత్తా అని అడిగితే, మొదటిసారి ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

నాకు భయం వేసింది. ఆ శుక్రవారం అమ్మ వంటింట్లో టీ పెడుతుంటే, నేను చెయ్యెత్తి చెప్పేశాను... విమల గారిని వాళ్లాయన పుట్టింట్లో దింపి వెళ్లిపోయాడని, ఉత్తరాలు కూడా రాయడం లేదని, ఆవిడ కోసం ప్రార్థన చెయ్యమని. తెలిసినావిడేనా అని అమ్మగారు అత్తను అడిగారు. అత్త ముసుగు సర్దుకుని, తలెత్తకుండానే అవునన్నట్టు ఊపింది.

అలా మూడు శుక్రవారాలు అంతమందీ మోకాళ్లూని విమల గారి కోసం ప్రార్థన చేశారు. బొల్లారం నుంచి వచ్చే మార్తమ్మ గారైతే విమల పేరెత్తి, వెక్కి వెక్కి ఏడ్చేది. మూడో శుక్రవారం ప్రార్థన అవగానే ఆవిడే అడిగింది.

"ఉట్టిగ ప్రార్థన జేస్తే ఏమైతది అమ్మగారూ... ఆమె ఇల్లు ఏడుందో జెర చెప్పుండ్రి. ఆదివారం చర్చి అయినంక పోదం. ఆమె మొగనితోని సుత మాట్లాడుదం."

అత్త తల ఇంకా కిందికి దించుకుంది. నేనే నోరు విప్పాను. ఆవిడకు ఇల్లు లేదనీ, నవల్లో ఉంటుందనీ, రెండో భాగం ఇంకా దొరకలేదనీ ఎంతో తెలిసినదానిలా చెప్పాను.

ఈ ముక్క తర్వాత ఎన్నో చోట్ల చెప్పి అందరినీ నవ్వించాను... నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"దేవుని సన్నిధిలో కట్టుకథకు ప్రార్థన చేయించావా, రూతమ్మా?" అన్నారు అమ్మగారు, నెమ్మదిగానే.

అత్త లేచి నిలబడి అందరినీ క్షమించమని అడిగింది. మార్తమ్మ గారు టీ తాగకుండా వెళ్లిపోయింది. మర్నాడు నాన్నే స్వయంగా షాపుకెళ్లి పుస్తకం ఇచ్చేసి, అత్త పేరు కొట్టించేసి వచ్చాడు. తిట్టలేదు. చర్చిలో ఇక తలెత్తుకోలేనని మాత్రం అన్నాడు. దాంతో అత్త చదవడం మానేసింది. నేను పక్కన కూర్చుంటే చిక్కుడుకాయలు నా వైపు జరిపేది, అంతే. నా మీద కోప్పడినా బాగుండేది.

మరుసటి ఏడాది కాకినాడలో ఒక హాస్టల్ వార్డెన్ పని దొరికితే వెళ్లిపోయింది. మామయ్య చివరిదాకా రాలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఇన్నేళ్లూ మనసులో నలుగుతున్నది అప్పుడు అడిగాను... అమ్మగారు అడిగినప్పుడు తెలియదని చెప్పెయ్యొచ్చు కదా, ఎందుకు తలూపావత్తా అని.

"నా పేరు చెప్పుకుని అడిగే ధైర్యం నాకు లేకపోయిందే. విమల పేరుతోనైనా... నాకోసం మనుషులు మోకాళ్లూనింది ఆ మూడు వారాలే."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య చదివిన నవలల మీద, వ్యాసాల మీద నేను ఈ పేజీలో తోచింది రాసి పెడుతుంటే, బాగా రాశారని మీరంతా మెచ్చుకుంటున్నారు. నవల చదివినందుకు ఇప్పుడు ఎవరూ లేచి నిలబడి క్షమాపణ అడగక్కర్లేదు... అంతవరకు కాలం మారింది. కానీ ఒకే చాప మీద పక్కన కూర్చున్న మనిషిని, నీకేమైందమ్మా అని అడగడం అప్పుడూ మాకు చేతకాలేదు. ఇప్పుడు ఆ చాపలు కూడా లేవు.

మీ ఇళ్లలోనూ ఇలా పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడ్చినవాళ్లు ఉంటే, కింద రాయండి. కథలోని పేరు వద్దు... వాళ్ల సొంత పేరు రాయండి.

మా అత్త పేరు రూతమ్మ.